అడవి పచ్చన, నేల సత్తువ: కొన్ని అపోహలు, వాస్తవములు

పెనుకొండ దుర్గమెక్కి నలుదిక్కుల పరికించువారికి గుండ్లు, బోదగడ్డి, ముండ్లపొదలు, వానినడుమ నక్కడక్కడ నారయేపి చెట్లు, దిగువను ఎఱ్ఱచేలును చెరువులును కనబడును. 1565లో తళ్ళికోట యుద్ధమునకు పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియై, ఘనగిరి యని పేరుగాంచిన యీ కొండను చూచి, నేలలో సత్తువ లేదు గనుకనే యిచట అడవి లేదనియు, కన్నడసీమలోని మలెనాటి మట్టి మనకు దక్కియుండినచో నిక్కడను మహారణ్యమే పెరిగియుండెడిదనియు నిట్టూర్చువారు మా ప్రాంతమున పెక్కుమంది. ఆగుంబెకో కొడగునకో పోయి, పట్టపగలును ఎండ నేలకు సోకని యా వనములను కన్నులార చూచివచ్చినవారికి ఈ నమ్మకము మఱింత గట్టిపడును. చెట్టును చూచి మట్టికి వెలగట్టు నీ యలవాటు ఎంత సహజమైనదో, వర్షారణ్యముల విషయమున నంత మోసకరమైనది.

అపోహ: అడవి దట్టముగ నున్నచోట నేల సారవంతమై యుండును.

వాన చెట్టునకు ప్రాణమే గాని, మట్టికి మాత్రము అది ఎడతెగని క్షాళనము. ఏటేట వేల మిల్లీమీటర్ల వాన లక్షలాది సంవత్సరములు కురిసిన నేలలో సున్నము, మెగ్నీషియము, పొటాషియము మొదలగు లవణములు కరగి, ఏరులవెంట సముద్రము చేరిపోవును. తుదకు మిగులునవి కరగుటకు నొల్లని యినుము, అల్యూమినియముల ఆక్సైడులును, పోషకములను పట్టియుంచు శక్తి సన్నగిల్లిన యొక విధమైన బంకమన్నును. ఆ యాక్సైడులు కొంచెముగ మిగిలిన భాస్వరమునుగూడ వేళ్ళకు సులభముగ నందనీయక బంధించును. అమెజాను మెట్టభూములలో విశేషభాగము ఇట్టి నేలయే. ఆగుంబెలో ఏటికి ఏడువేల మిల్లీమీటర్లకు పైబడి వర్షించును. ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు 550కి అటునిటు. కనుక మన యెఱ్ఱనేల వానలేమిచే దప్పిగొన్నదే గాని, కడుగబడి రిత్తయైనది కాదు. ఇచటి గ్రానైటు, నైసు శిలలలోని ఫెల్డ్‌స్పార్ అరిగి మట్టికి పొటాషియము నిచ్చుచునే యున్నది. సున్నపుపాలు వర్షారణ్యపు నేలలలో కంటె సాధారణముగ నిచట అధికము. దీనికి కొఱవడినవి నీరు, జీవాంశము, నత్రజని, లోతు. ఖనిజముల లెక్క మాత్రమే తీసినయెడల, పెనుకొండ చేనిమట్టి అమెజాను మెట్టమట్టి యెదుట తలవంచుకొనవలసిన పనిలేదు.

అట్లయిన ఆ నిస్సారమైన మట్టిమీద హెక్టారుకు సుమారు 300 టన్నుల యెండుబరువు గల వృక్షరాశి ఎట్లు నిలిచినది? మన ముండ్లయడవిలో నది కొద్దిపదుల టన్నులే గదా! హిందూపురపు సంతలో స్వల్పమైన పెట్టుబడితోనే, సరుకును నిలువయుంచక, చేతులుమార్చుటలోని వేగముచే పెద్దవ్యాపారము నడుపు వర్తకుని నెఱిగినవారికి ఈ మర్మము తెలియుట కష్టము కాదు. రాలిన యాకు ఆ వెచ్చని తేమలో చాలవఱకు సంవత్సరము లోపలనే శిథిలమగును. శిలీంధ్రములు, చెదలు, సూక్ష్మజీవులు దానిని విడదీయుచుండగనే, నేలపై చాపవలె అల్లుకొన్న సన్నని వేళ్ళు ఆ పోషకములను పట్టుకొనును. ఆ వేళ్ళతో సహజీవనము చేయు శిలీంధ్రములే యీ బదిలీకి ముఖ్యసాధనములని వెంట్, స్టార్క్ అను శాస్త్రవేత్తలు 1968లో ప్రతిపాదించిరి. పిదప వెనిజులాలో, రియో నీగ్రో నదీప్రాంతపు అడవిలో, స్టార్క్, జోర్డాన్ అనువారు రేడియోధార్మికములైన కాల్షియమును భాస్వరమును ఆ వేళ్ళచాపపై చల్లి, క్రిందికి జారిన నీటిని పట్టి పరీక్షించిరి. దిగువకు పోయినది వేయింట నొకవంతును మించలేదని 1978లో ప్రకటించిరి. అంతియేగాక, చెట్టు ఆకును రాల్చుటకు ముందే దానిలోని నత్రజని భాస్వరములలో ఇంచుమించు సగము కొమ్మలోనికి వెనుకకు లాగుకొనును. ఇంతటి పొదుపరితనము మనుష్యులలో నున్నచో లోభమందుము.

అపోహ: చెట్టు మట్టిని తిని పెరుగును.

దీనికి సమాధానము 1648లోనే అచ్చయినది. వాన్ హెల్మాంట్ అను పండితుడు రెండువందల పౌనుల యెండుమట్టి గల తొట్టిలో అయిదుపౌనుల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రమే పోసి తూచగా, చెట్టు 164 పౌనులు పెరిగినది, మట్టి తగ్గినది రెండు ఔన్సులు. పెరిగినదంతయు నీరే యని యాతడు భావించెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువే చెట్టునకు ఆహారమగునన్న సంగతి అప్పటికింకను తెలియలేదు. ఎండిన కొయ్యలో దాదాపు సగము కర్బనము, అదంతయు గాలినుండి వచ్చినది. కదిరి చేరువను గూటిబయలులో దాదాపు 5 ఎకరములు పరచుకొని, 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కిన తిమ్మమ్మ మఱ్ఱిమానుయొక్క కొయ్యను కాల్చి బూడిదను తూచినచో (అట్టి దుర్బుద్ధి ఎవరికిని పుట్టకుండుగాక!) మట్టినుండి అది తీసుకొన్నది నూటికి ఒకటి రెండు వంతులకు మించదు. ఐనను ఆ స్వల్పాంశము లేనిదే తక్కినది లేదు; అందుచేతనే దానిని పోగొట్టుకొనుట ప్రమాదకరము.

అపోహ: వర్షారణ్యమున పోషకములన్నియు చెట్లలోనే యున్నవి, నేలలో నేమియు లేదు, ఆ పోషకచక్రమునకు బయటినుండి చేరవలసినదియు లేదు.

ఇది చదువుకొన్నవారి యపోహ. మొదటిదానిని ఖండించుటలో నుత్సాహము హద్దుమీఱగా పుట్టినది. సున్నము, పొటాషియములలో హెచ్చుభాగము చెట్లయందున్న అడవులు గలవు గాని, నత్రజనిలో నధికభాగము ప్రాయికముగ నేలలోని జీవాంశమందే యుండును. మొత్తము భాస్వరమును నేలలోనే యెక్కువ, అది సులభముగ నందదనుటయే చిక్కు. అగ్నిపర్వతపు బూడిద పడిన నేలలును, వరద యొండ్రు చేరు నదీతీరములును వర్షారణ్యములలోను సారవంతములే. ఇక చక్రము పరిపూర్ణముగ మూసికొన్నదనుటయు నిజము కాదు. ఎంత పొదుపుచేసినను ఏటేట కొంత వాననీటివెంట పోవును. అమెజానునకు ఆ నష్టమును తీర్చుటలో ఆఫ్రికా యెడారి పాలుపంచుకొనుచున్నది. చాద్ దేశమున నెండిపోయిన ప్రాచీనసరస్సుయొక్క గర్భమైన బోడెలె మొదలగు తావులనుండి లేచిన సహారా ధూళి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, సంవత్సరమునకు ఇంచుమించు 22,000 టన్నుల భాస్వరమును ఆ వనమునకు చేర్చుచున్నదని ఉపగ్రహ పరిశీలనల ఆధారమున 2015లో అంచనా కట్టిరి. ఒక చెట్టును బ్రతికించుటకు మరుభూమి దుమ్ము పనికివచ్చుచున్నదని విన్నప్పుడు, మన వేసవి సుడిగాలులమీద గూడ కొంచెము గౌరవము కలుగును.

అపోహ: వర్షారణ్యములు లోకమునకు ప్రాణవాయువును పోయుచున్నవి.

పెరిగిన యడవి పగలు విడిచిన ప్రాణవాయువును, అదే యడవి శ్వాసించుటలోను, రాలిన యాకు కుళ్ళుటలోను, దాదాపు పూర్తిగ ఖర్చుపెట్టుకొనును. గాలిలో నూటికి 20.9 పాళ్ళుగనున్న ప్రాణవాయువు యుగయుగముల నిలువ. అడవులను కాపాడుటకు కర్బనపు నిలువ, వానలు, జీవజాతులు అను నిజమైన కారణములు చాలినన్ని యుండగా, ఈ తప్పుకారణముతో పనియేమి?

అపోహ: ఆకును కాల్చినను బూడిద యెరువే, కాలిన కొండ మఱింత పచ్చబడును.

ఇది మనకు మిక్కిలి దగ్గఱిది. తూర్పుకనుమలలో పోడుసేద్యము చేయువారి యనుభవమే దీనికి మూలము: చెట్లు నఱికి కాల్చిన తొలియేడు పంట చక్కగ పండును, రెండుమూడేండ్లలో తగ్గిపోవును, పిమ్మట నా తావును విడిచి వేఱొకచోటికి పోవలసివచ్చును. బూడిదలో సున్నము, పొటాషియము, భాస్వరము నిలుచునన్నది సత్యమే. కాని నత్రజనియు గంధకమును చాలవఱకు పొగతో నెగిరిపోవును. మిగిలిన బూడిద గాలికిని, మొదటి జడివానకును పాలుపడును. వర్షారణ్యమున వేళ్ళచాప ఏ పనిచేయుచున్నదో, ఇచట కొండవాలున ఆ పనిని ఎండుటాకు, గడ్డివేళ్ళు చేయవలసియున్నవి; నిప్పు ముట్టినది సరిగ వానికే. బోదగడ్డి కాలిన తర్వాత లేతచిగురు వేయుట మన కన్నులయెదుటి వింతయే గాని, ఆ చిగురు వేళ్ళలో దాచుకొన్న మూలధనము తీసి ఖర్చుపెట్టుకొనుటయే. ఏటేట అగ్గి తగులు వాలున మిగులునవి గుండ్లు.

అపోహ: గొఱ్ఱెల యెరువు, పశువుల పేడ నేలకు క్రొత్తసంపద.

సంపదయే, కాని క్రొత్తది కాదు, కొండది. పగలెల్ల గుట్టలపై మేసిన మందను రాత్రి చేనిలో నిలుపుకొని కాపరికి కూలి చెల్లించు రైతు, గుట్టమీది నత్రజనిని భాస్వరమును చేనిలోనికి దిగుమతి చేసికొనుచున్నాడు. నారయేపి కొమ్మలు కొట్టి మేతకును ఎరువునకును వాడుటయు నిట్టిదే. ఇందు తప్పులేదు, దిగుమతి ఎంతవఱకు సాగునన్నదే ప్రశ్న. ఇక చేనినుండి పోవునదో? వేరుశనగ నత్రజనిని గాలినుండి పట్టి తెచ్చునను పేరు న్యాయమైనదే. కాని మనము చెట్టును వేళ్ళతోసహా పెఱికి, కాయ అంగడికిని, కట్టె పశువులకును తరలించి, చేనిని ఊడ్చినట్లు వదలుదుము. పట్టును మాంసకృత్తే గనుక ధర్మవరపు చీర మడతలోగూడ ఏ మల్బరీతోటదో కొంత నత్రజని యుండనే యున్నది. ఆ తోటల రైతులు పట్టుపురుగుల రెట్టను, తినగా మిగిలిన యాకును తిరిగి తోటకే వేయుట, వారెఱిగియో యెఱుగకయో, వర్షారణ్యపు పద్ధతి.

కొండ పోగొట్టుకొన్నదానిలో కొంత మనకు దూరముగ పోలేదు. చిత్రావతిమీది బుక్కపట్నము, ధర్మవరము చెరువులు మొదలుకొని ప్రతి యూరి చిన్నకుంటవఱకు, తరతరముల వాన కడిగి తెచ్చిన సన్నని యొండ్రు అడుగున పేరుకొనియున్నది. వేసవిలో దానిని త్రవ్వి చేలకు తోలుకొనుట పూర్వులెఱిగిన పనియే. దానివలన చెరువునకు లోతు, చేనికి సత్తువ, తేమను పట్టు గుణము చేకూరును. కనుక పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతముల రైతులకు నా మనవి రెండు మాటలే: వచ్చు వేసవిలో చెరువులెండినప్పుడు ఆ మట్టిని చేలకు తోలుకొనుడు, కొండగడ్డికి నిప్పుపెట్టకుడు.