వణుకు ఆగిందని సంబరపడకండి

చలి అనగానే మనవాళ్ళకు లంబసింగి, ఆదిలాబాదు గుర్తుకొస్తాయి. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం, మాకు చలేమిటి అని కోస్తావారి ధీమా. 2018 డిసెంబరు నెల ఆ ధీమాను కాస్త వదలగొట్టింది. అప్పుడు నేను కోనసీమలో ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను.

ఆ నెల 17వ తేదీన పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. తుపానంటే గాయాలు, పాముకాట్లు వస్తాయని మేం సిద్ధంగా ఉన్నాం. తీరా వచ్చినవాళ్ళలో చలికి బిగుసుకుపోయిన ముసలివాళ్ళే ఎక్కువ. ఎండ జాడ లేదు. వాన, ఈదురుగాలి. సార్వా ధాన్యం కళ్ళాల్లో ఉన్న రోజులవి. కుప్పల మీద బరకాలు కప్పడానికి వెళ్ళిన రైతులు తడిబట్టలతో గంటల తరబడి అక్కడే ఉండిపోయారు. చలికి తట్టుకోలేక వృద్ధులు చనిపోయారన్న వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చాయి. కోస్తాలో ఎక్కడా నీళ్ళు గడ్డకట్టలేదని మాత్రం గుర్తుంచుకోండి!

కారణం తడి. వేడిని లాక్కుపోవడంలో నీటికి గాలికంటే 20 రెట్లకు పైగా శక్తి ఉంది. దానికి గాలివిసురు తోడైతే ఒంట్లో వేడి నిలవదు. వయసు మళ్ళినవారికి చర్మం కింద కొవ్వు, కండ తక్కువ. వణికి వేడి పుట్టించుకునే ఓపికా తక్కువే.

ఆ రాత్రుల్లోనే ఒక కొడుకూ కోడలూ డెబ్బై దాటిన తల్లిని ఆటోలో తీసుకొచ్చారు. ‘‘జ్వరం లేదండీ. పొద్దుట తెగ వణికింది, ఇప్పుడు తగ్గింది. నిద్రపోతోంది, లేపితే మాట ముద్దగా వస్తోంది’’ అన్నాడు కొడుకు. చీర అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే రాయిలా చల్లగా ఉంది. అది నిద్ర కాదు. ఒంటి వేడి అడుగంటి, వణికే శక్తి కూడా పోయిన స్థితి. తడిబట్టలు తీసేసి, తలతో సహా కంబళ్ళు చుట్టి, గోరువెచ్చని సెలైను ఎక్కించాం. తెల్లవారాక కళ్ళు తెరిచి కోడలిని కాఫీ అడిగింది. ఆ వారంలో అందరికీ అంత అదృష్టం దక్కలేదు.

ఆమెకు ఇంట్లో థర్మామీటరు పెట్టే చూశారు. కానీ మన ఇళ్ళలో ఉండే పాదరసం థర్మామీటరు 94 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. అంతకు కిందికి పోతే అది చెప్పలేదు. ఒంటి వేడి 95 కన్నా తగ్గిందంటేనే ప్రమాదం. అందుకని బట్టల లోపల పొట్ట మీద మీ చెయ్యి వేసి చూడండి. అక్కడ చల్లగా ఉండి, మనిషి మత్తుగా, తికమకగా ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చెయ్యండి. ఈలోగా పొడిబట్టలు కట్టి దుప్పట్లు చుట్టండి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకండి. మరిగే నీళ్ళ సీసా పాదాలకు ఆనించకండి, మధుమేహం ఉన్నవారికి కాలినా తెలియదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో కాఫీ కూడా పోయకండి.

బ్రాందీ సంగతి చాలామంది అడుగుతారు. అది ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుందే గాని, చర్మంలో రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. ఇక కొబ్బరిచిప్పల కుంపటి. తలుపులు మూసిన గదిలో దాన్ని పెట్టుకుని పడుకుంటే వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. పడుకున్నవారు పడుకున్నట్టే పోతారు.

చలికి రక్తనాళాలు ముడుచుకుని పోటు పెరుగుతుంది. కాబట్టి బి.పి. మాత్రలు మానకండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున చన్నీళ్ళ తలస్నానం చేసే పెద్దలకు నీళ్ళు కాచి ఇవ్వండి. గుండెల్లో బరువు, చెమటలు అంటే వాము నీళ్ళిచ్చి ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇంకొక్క మాట. పెద్దవాళ్ళకు పైన రెండు దుప్పట్లు కప్పి కింద వట్టి నులకమంచం వదిలేస్తుంటాం. గాలి కిందినుంచే కొడుతుంది. ఒక దుప్పటి పైన చాలు, రెండోది మడిచి కింద వెయ్యండి. తలకు మంకీ క్యాపో, పాత తువ్వాలో చుట్టండి.