ఒక్క కార్టన్ సిగరెట్లు కూడా ఎక్కువే: గల్ఫ్ నుంచి వచ్చేవారికి కస్టమ్స్ లెక్కలు

సిగరెట్ కార్టన్ అంటే మామూలుగా పది పెట్టెలు. పెట్టెకు 20 చొప్పున 200 సిగరెట్లు. విదేశం నుంచి ఇండియాలో దిగే ప్రయాణికుడు సుంకం కట్టకుండా తెచ్చుకోగలిగేవి 100 మాత్రమే. అంటే దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఒకే ఒక్క కార్టన్ కొని సంచీలో వేసుకున్న మనిషి కూడా శంషాబాద్‌లో దిగేసరికి పరిమితికి రెండింతలు మోస్తున్నట్టే. ఈ సంగతి షాపువాడు చెప్పడు. డ్యూటీ ఫ్రీ అంటే అక్కడ కొన్నప్పుడు పన్ను లేదని మాత్రమే అర్థం. ఇక్కడ దిగాక పడే సుంకం సంగతి వేరు.

"ఒక కార్టన్‌కి ఏం కాదులే భాయ్" అని సీనియర్లు చెప్పే మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఒకప్పుడు పరిమితి 200 ఉండేది. 2014 జూలై బడ్జెట్‌లో దాన్ని 100కి తగ్గించారు. చుట్టలు 50 నుంచి 25కి, పొగాకు 250 గ్రాముల నుంచి 125 గ్రాములకు దిగాయి. పదేళ్లు దాటినా గల్ఫ్ రూముల్లో పాత లెక్కే నడుస్తోంది.

మందు విషయంలో పరిమితి 2 లీటర్లు. విస్కీ అయినా, వైన్ అయినా అన్నీ కలిపి 2 లీటర్లే. లీటరు సీసాలైతే రెండు. 750 మిల్లీలీటర్ల సీసాలు మూడు తెస్తే 2.25 లీటర్లు, పరిమితి దాటినట్టే. శంషాబాద్‌లో దిగాక అక్కడి డ్యూటీ ఫ్రీ షాపులో కొన్నా ఇదే లెక్కలోకి వస్తుంది. దుబాయ్‌లో రెండు, ఇక్కడ రెండు అంటే కుదరదు.

మందు ముట్టని ఇళ్లకు, సిగరెట్ వాసనే పడని ఇళ్లకు ఈ లెక్కలతో పనేంటి అనిపించవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే మనిషి సూట్‌కేసులో సగం సామాను తనది కాదు. రూమ్‌మేట్ ఇచ్చిన ప్యాకెట్, సూపర్‌వైజర్ తన తమ్ముడికి పంపిన సీసా, క్యాంపులో కాస్త పరిచయమున్నవాడు "ఎయిర్‌పోర్టు బయట మా మనిషి వచ్చి తీసుకుంటాడు" అని అంటగట్టిన కార్టన్లు. అమానత్ కదా, కాదంటే ఏమనుకుంటారో అని మొహమాటం. కానీ కస్టమ్స్ కౌంటర్ దగ్గర "ఇది నాది కాదు సార్, ఫలానా భాయ్ ఇచ్చాడు" అన్న మాట పనిచేయదు. బ్యాగు ఎవరి చేతిలో ఉందో, ట్యాగు ఎవరి పేరు మీద ఉందో జవాబు వారే చెప్పాలి. నమ్మి ఇచ్చిన వస్తువు అంటే ముందు అందులో ఏముందో తెలియాలి కదా. విప్పి చూపించనన్నవాడి ప్యాకెట్ తీసుకోకపోవడమే మేలు.

కార్టన్ల కొద్దీ పంపేవారి లెక్క వేరు. ఇండియాలో సిగరెట్ మీద పన్నులు ఎక్కువ కాబట్టి విదేశీ సరుకుకు పాన్ డబ్బాల దగ్గర గిరాకీ ఉంటుంది. టికెట్ ఖర్చో, కొంత నగదో ఆశ చూపి కూలి పనివాళ్ల చేత మోయిస్తారు. పట్టుబడితే సరుకు పోయేది వాళ్లది, కేసు పడేది మోసినవాడి మీద. బ్యాగేజీ నిబంధనలు ఇచ్చే వెసులుబాటు సొంత వాడకానికి, ఇంట్లోవారికి, బహుమతికి తెచ్చే సామానుకే. అమ్మకం సరుకును 1962 కస్టమ్స్ చట్టం బ్యాగేజీగా చూడదు. జప్తు, జరిమానా, మరీ పెద్దదైతే అరెస్టు దాకా వెళ్లవచ్చు. నెల రోజుల సెలవు మీద వచ్చినవాడు నోటీసుల చుట్టూ తిరుగుతూ ఉంటే అక్కడ ఇఖామా గడువు, ఉద్యోగం ఆగి ఎదురుచూడవు.

సిగరెట్ల లెక్కలో ఇంకో మెలిక ఉంది. 100 సిగరెట్లు, లేదా 25 చుట్టలు, లేదా 125 గ్రాముల పొగాకు అని రూల్. ఆ "లేదా"ను చాలామంది "ఇంకా" అని చదువుకుంటారు. మూడూ కలిపి కాదు, మూడింటిలో ఒకటి. హుక్కాలో వేసే మొఅస్సల్ కూడా పొగాకే. గల్ఫ్‌లో అది 250 గ్రాముల డబ్బాల్లో విరివిగా దొరుకుతుంది. ఒక్క డబ్బాతోనే పరిమితి రెండింతలు అవుతుంది. పైన యాపిల్ బొమ్మో, ద్రాక్ష బొమ్మో ఉంటుంది కాబట్టి చాలామందికి అది పొగాకు అన్న ధ్యాసే ఉండదు.

ఈ 100 సిగరెట్లు, 2 లీటర్లు మామూలు సామాను పరిమితికి అదనం అనుకోవడం కూడా తప్పే. వాటి ఖరీదు కూడా మొత్తం లెక్కలో కలుస్తుంది. ఆ మొత్తం 2016 నిబంధనల్లో 50 వేల రూపాయలు ఉండేది. 2026 ఫిబ్రవరి నుంచి భారతీయ ప్రయాణికులకు 75 వేలు చేశారు. ఫోను, అత్తర్, బొమ్మలు, దుప్పట్లు, చాక్లెట్లు అన్నీ అందులోనే. దాటిన విలువ మీద మామూలు సామానుకు 35 శాతం సుంకం, దానిపై సర్‌చార్జీ కలిపి 38.5 శాతం పడుతుంది. ఉదాహరణకు 90 వేల సామాను తెస్తే 15 వేల మీద 5,775 రూపాయలు. పరిమితి దాటిన సిగరెట్లకు, మందుకు ఈ రేటు వర్తించదు. వాటికి ఇంకా ఎక్కువ. కట్టాక చూస్తే ఇక్కడ కొన్నదే నయం అనిపిస్తుంది.

కుటుంబంతో వచ్చేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఒకరి పరిమితిని ఇంకొకరితో కలపడం కుదరదు. భార్యాభర్తలు ఇద్దరూ ఉన్నారని ఒకే వస్తువును లక్షన్నర దాకా లెక్క చూపలేరు. చంకలో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డ వాడిన సామానుకు మాత్రమే మినహాయింపు, 75 వేలు కాదు.

సిగరెట్ల దగ్గర 100 అయినా ఉంది. వేప్‌కు సున్నా. ఈ-సిగరెట్లను ఇండియా 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సు తెచ్చి నిషేధించింది, ఆ తర్వాత చట్టం చేసింది. తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నేరమే. మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చిత్రం ఏంటంటే అదే 2019లో యూఏఈ వాటి అమ్మకానికి అనుమతి ఇచ్చింది. అక్కడ మాల్‌లో బిల్లు ఇచ్చి అమ్మే వస్తువు కాబట్టి మన కుర్రాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించదు. పెన్ను లాంటి చిన్న వస్తువే, జేబులో వేసుకొచ్చేస్తారు. పొగ మానేయడానికి వాడుతున్నాం అన్నా మినహాయింపు లేదు. కొడుకు తిరిగొస్తున్నాడంటే ఖర్జూరం, జమ్‌జమ్ గురించి అడిగే అమ్మీలు ఈ ఒక్క మాట కూడా అడగడం మంచిది.

దిగాక రెండు దారులుంటాయి. పరిమితిలోపు ఉన్నవారికి గ్రీన్ చానల్, సుంకం కట్టాల్సింది ఉన్నవారికి రెడ్ చానల్. అనుమానం ఉంటే రెడ్‌లోకి వెళ్లి అడగడం వల్ల పోయేదేమీ లేదు. లెక్క వేస్తారు, సుంకం కట్టి రసీదు తీసుకుని బయటికి రావచ్చు. పరిమితి దాటిన సామానుతో గ్రీన్‌లో నడిస్తే మాత్రం దాచినట్టే చూస్తారు. అప్పుడు సుంకంతో ఆగదు, జప్తు, జరిమానా మొదలవుతాయి. "అతిథి" అనే కస్టమ్స్ యాప్‌లో విమానం ఎక్కకముందే సామాను వివరాలు చెప్పే వీలు కూడా ఉంది. సుంకం కట్టే స్తోమత లేకపోతే, నిజంగా డిక్లేర్ చేసిన సామానును కస్టమ్స్ దగ్గరే ఉంచి, తిరిగి గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు తీసుకోవడానికి చట్టంలోని 80వ సెక్షన్ వీలిస్తోంది. రెండు నెలల్లో తిరిగి వెళ్లేవారికి ఇది పనికొచ్చే దారి. రసీదు మాత్రం భద్రంగా పెట్టుకోవాలి.

డబ్బు కట్టమంటే రసీదు అడగండి. రసీదు లేని చెల్లింపు చట్టంలో లేదు. ఒంటి మీద సోదా చేస్తామంటే గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లమని కోరే హక్కు ప్రయాణికుడికి ఉంది. ఉమ్రా నుంచి ఒంటరిగా, లేదా వృద్ధులతో వచ్చే మహిళలు ఇది తప్పక తెలుసుకోవాలి: మహిళను మహిళా అధికారి తప్ప ఇంకెవరూ సోదా చేయకూడదని 102వ సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉంది. మహిళా అధికారి వచ్చేదాకా ఆగుతామని మర్యాదగా చెప్పవచ్చు.