లయకు లిపి

పాటలోని మాటను వ్రాయుట సులభము. స్వరమును వ్రాయుట కొంత కష్టము. లయను వ్రాయుట అన్నిటికంటెను కష్టము. ఈ సత్యమును నేను గ్రంథములలో నేర్వలేదు. మా ఏర్గట్ల పసుపు చేల గట్టున నేర్చితిని. నా బాల్యమున మా మేనత్త, పసుపు త్రవ్వు దినములలో తోడి స్త్రీలతో గూర్చుండి, కొమ్ములు విడదీయుచు ఒక పాట పాడెడిది. నేను కళాశాలలో చదువుచున్న రోజులలో ఆ పాటను ఆమెచేత చెప్పించుకొని నోటుపుస్తకములో వ్రాసికొంటిని. ఆమె గతించి చాల ఏండ్లయినది. పుస్తకమున్నది, మాటలున్నవి, పాట లేదు. ఆ మాటలు మూడు మాత్రల నడకకు ఒదుగును. చివరి అక్షరమును కొంచెము సాగదీసినచో నాలుగు మాత్రల నడకకును ఒదుగును. ఆమె ఏ నడకలో పాడెనో నాకు జ్ఞప్తికి రాకున్నది.

ఈ చిక్కు నా ఒక్కనిది కాదు. సుమారు ఎనిమిదివందల ఏండ్లనాడు పారిస్ నగరమున నోత్రదామ్ దేవాలయపు గాయకులకును ఇదే చిక్కు వచ్చినది. ఒక్కడు పాడునపుడు కాలము వాని యిచ్ఛ. ఇద్దరు ముగ్గురు వేర్వేరు వరుసలను ఏకకాలమున పాడవలసివచ్చినపుడు ఎవరు ఎంతసేపు నిలువవలెనో ముందే తెలియవలెను. అందుకై వారు ఆరు లయరీతులను ఏర్పరచుకొనిరి. అవి మన విద్యార్థులకు క్రొత్తవి కావు. మొదటిది గురువు, లఘువు: మన హగణము. రెండవది లఘువు, గురువు: మన వగణము. మూడవది భగణమును, నాల్గవది సగణమును పోలియుండును. అయిదవది అన్నియు గురువులు; ఆరవది అన్నియు లఘువులు. మన సూర్యగణములైన హగణ నగణములు మూడేసి మాత్రలవి. పారిస్ గాయకుల మొదటి, ఆరవ రీతులును మూడింటి లెక్కవే. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు ఛందస్సు చేయి పట్టుకొనియే లయను లెక్కింప మొదలిడిరి.

అయితే వారు ఏ స్వరమునకు ఎంత కాలమో విడిగా వ్రాయలేదు. రెండేసి, మూడేసి స్వరములను గుత్తులుగా కలిపి వ్రాసిరి. గుత్తుల వరుసను చూచి రీతిని ఊహించుకొనవలెను. ఒకే అక్షరమును పెక్కు స్వరములపై సాగదీయు పాటలకు ఈ పద్ధతి చాలినది. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అక్షరము వచ్చు పాటలు పుట్టగానే గుత్తులు విడిపోయినవి. వానితో లయయు చెదరినది. అప్పుడు, ఇంచుమించు 1280 ప్రాంతమున, కొలోన్ నగరపు ఫ్రాంకో అను శాస్త్రకారుడు ప్రతి స్వరమునకును ఆకారముననుసరించి కాలమును నిర్ణయించెను. తోకగల చతురస్రము దీర్ఘము. తోకలేని చతురస్రము హ్రస్వము. అంతకు చిన్నది వజ్రాకారము. మూడింటి విభాగమే పూర్ణమనియు, అది క్రైస్తవుల త్రిత్వమునకు తగినదనియు వారి భావన. 1320 ప్రాంతమున ఫిలిప్ ద విట్రీ మొదలగువారి నవ్యమార్గము రెండింటి విభాగమునకును సమానమైన గౌరవమిచ్చెను. అటుపిమ్మట పాట మొదటనే గుర్తు నిలిచినది: పూర్ణవృత్తమైనచో మూడింటి విభాగము, అర్ధవృత్తమైనచో రెండింటి విభాగము. నేటికిని పాశ్చాత్య సంగీతమున నాలుగు లెక్కల తాళమునకు ముందు కనబడు చిహ్నము ఇంగ్లీషు 'సీ' అక్షరమని పలువురు తలంతురు. కాదు, అది ఆనాటి అర్ధవృత్తమే.

ఆ కాలముననే మన దేశమున ఏమి జరుగుచున్నది? దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున ఒక అధ్యాయమును తాళమునకే కేటాయించెను. ఓరుగల్లున గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని 1253-54లో నృత్తరత్నావళిని రచించెను. తరువాతి శతాబ్దిలో రాచకొండ నేలిన సింగభూపాలుని పేర రత్నాకరమునకు సంగీతసుధాకరమను వ్యాఖ్య వెలసెను. తాళమునకు మనవారికి గుర్తులు లేకపోలేదు. లఘువునకు నిలువు గీత, ద్రుతమునకు సున్న, అనుద్రుతమునకు అర్ధచంద్రము. ఇచట విద్యార్థులు ఒక వింత గమనింపవలెను. తెలుగు ఛందస్సులో అర్ధచంద్రము గురువునకు గుర్తు. తాళములో అదియే అన్నిటికంటె చిన్నదైన అనుద్రుతమునకు గుర్తు. ఐరోపాలో దానిని ప్రక్కకు త్రిప్పినచో రెండింటి విభాగమునకు గుర్తు. గుర్తునకు స్వయముగా అర్థము లేదు; సంప్రదాయము చెప్పినదే అర్థము.

కాని మన గుర్తులు తాళమును తెలిపినవే గాని, పాటలోని ఏ అక్షరము ఎంతసేపు నిలుచునో తెలుపలేదు. ఆ భారమును గురుముఖమునకు, శిష్యుని చేతికి విడిచితిమి. గురువున్నంతకాలము అది లోపము కాదు. పరంపర తెగిన నాడే లోపము. తాళ్లపాక అన్నమాచార్యుడు 1503లో పరమపదించెను. ఆయన సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై పదిలముగా నిలిచినవి. వానిపై రాగముల పేర్లున్నవి, స్వరములు లేవు, సామాన్యముగా తాళ నిర్దేశమును కానరాదు. అందుచేతనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి విద్వాంసులు వానికి మరల వరుసలు కూర్పవలసివచ్చినది. రాగి నిలిచినది, నడక నిలువలేదు.

ఈ పాఠమును గ్రహించినవారిలో సుబ్బరామ దీక్షితులు ముఖ్యులు. చిన్నస్వామి మొదలియారు 1893లో కర్ణాటక కృతులను పాశ్చాత్య లిపిలో ప్రకటించిరి. వారి ప్రోత్సాహమును పొందిన దీక్షితులు 1904లో ఎట్టయపురమున సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో వెలువరించిరి. స్వరలిపిలో హ్రస్వమైన 'స' ఒక అక్షరకాలము. దీర్ఘమైన 'సా' రెండు. కొలోన్ శాస్త్రకారుడు ఆకారములతో సాధించినదానిని మన లిపి గుణింతముతోనే సాధించినది. ఒకటవ తరగతి బాలుడు దిద్దు దీర్ఘమే ఇచట కాలమానమైనది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మన పల్లెలలో బతుకమ్మ చుట్టు చప్పట్లు చరచుచు పాడు ముదుసళ్లు ఇంకను ఉన్నారు. దప్పు దరువులను నోటితో పలికి చూపగల పెద్దలు ఉన్నారు. విద్యార్థులచేత వారి పాటలను వ్రాయింపుడు. చప్పట్టు పడిన ప్రతి అక్షరము క్రింద ఒక చుక్క, సాగిన ప్రతి అక్షరము ప్రక్కన ఒక గీత పెట్టింపుడు. చేతిలోని ఫోనులో ఆ గొంతును నిలుపుకొనుటయు మంచిదే. కాని ఎచట చప్పట్టు పడినదో చెవియొగ్గి గుర్తించిననాడే బాలునకు లయ వశమగును. మా మేనత్త పాట క్రింద నేను ఆ చుక్కలు పెట్టలేదు. పదునైదు చుక్కలు పెట్టియున్నచో ఆ పాట నేడు నాకు దక్కియుండెడిది.