స్టూడియో మూతపడింది.. పనితనం నిలబడింది!

గేమింగ్‌లో కెరియర్‌ అనగానే ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న ‘ఆ కంపెనీ నాలుగేళ్లు ఉంటుందా?’ అనే. ఆ భయం ఉత్తదేం కాదు. కార్‌ రేసింగ్‌ గేములతో ఓ వెలుగు వెలిగిన బ్రిటన్‌ స్టూడియో ‘బిజార్‌ క్రియేషన్స్‌’ 2011లో మూతపడింది. మరి అందులో పనిచేసినవాళ్లు ఏమయ్యారు? ఉద్యోగాల వేటలో ఉన్న మీరు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

చిన్న జట్టుగా మొదలై..

మార్టిన్‌ చడ్లీ 1980ల చివర్లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌ ప్రాంతంలో చిన్న జట్టుతో గేములు చేయడం మొదలుపెట్టారు. అప్పటి పేరు ‘రైజింగ్‌ హెల్‌ సాఫ్ట్‌వేర్‌’. అందులోని ‘హెల్‌’ సెగా సంస్థకు నచ్చలేదు. దాంతో 1994లో ‘బిజార్‌ క్రియేషన్స్‌’ అయింది. రెండేళ్లకు ప్లేస్టేషన్‌ కోసం చేసిన ‘ఫార్ములా 1’ గేమ్‌ ఈ జట్టుకు రేసింగ్‌లో పేరు తెచ్చింది.

వేగంతో పాటు స్టైల్‌

2000లో సెగా డ్రీమ్‌కాస్ట్‌ కోసం ‘మెట్రోపాలిస్‌ స్ట్రీట్‌ రేసర్‌’ తెచ్చారు. లండన్‌, టోక్యో, శాన్‌ఫ్రాన్సిస్కో వీధులను ఫొటోల ఆధారంగా గేములోకి దింపారు. టోక్యోలో రాత్రయితే గేములోనూ రాత్రే! ముందు చేరితేనే సరిపోదు, ఒడుపుగా నడిపితే ‘కూడోస్‌’ పాయింట్లు, గోడను గుద్దితే కోత.

అంతా బాగానే ఉందనుకునేలోపు సెగా డ్రీమ్‌కాస్ట్‌ తయారీనే ఆపేస్తున్నట్టు 2001 జనవరిలో ప్రకటించింది. జట్టు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అదే ఆలోచనకు సానపెట్టి, ఆ ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్‌ ఎక్స్‌బాక్స్‌తో పాటే ‘ప్రాజెక్ట్‌ గోథమ్‌ రేసింగ్‌’ విడుదల చేసింది. ఆ సిరీస్‌ నాలుగు భాగాలు నడిచింది.

ఎక్స్‌బాక్స్‌ కంట్రోలర్‌ను పరీక్షించడానికి స్టీఫెన్‌ కేక్‌బ్రెడ్‌ అనే ప్రోగ్రామర్‌ ఓ చిన్న షూటింగ్‌ గేమ్‌ రాశారు. దాన్ని సిరీస్‌ రెండో భాగంలో సరదాగా దాచిపెట్టారు. అదే ‘జామెట్రీ వార్స్‌’. 2005లో విడిగా డౌన్‌లోడ్‌కు పెడితే పెద్ద హిట్టయింది.

దెబ్బ ఎక్కడ తగిలింది?

2007లో యాక్టివిజన్‌ ఈ స్టూడియోను కొనేసింది. గోథమ్‌ సిరీస్‌ హక్కులు మాత్రం మైక్రోసాఫ్ట్‌ దగ్గరే ఉన్నాయి. అంటే పేరు తెచ్చిన గేమును వదిలి మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి. అలా వచ్చిన ‘బ్లర్‌’ 2010 మేలో మార్కెట్లోకి దిగింది. అదే నెలలో డిస్నీ వారి ‘స్ప్లిట్‌/సెకండ్‌’ కూడా వచ్చింది. బ్లర్‌ను మెచ్చుకున్నవాళ్లున్నా, అమ్మకాలు ఆశించినంత లేవు. 2011 ఫిబ్రవరి 18న స్టూడియోకు తాళం పడింది. సుమారు 200 మంది కొలువులు పోయాయి.

తర్వాతేమైంది?

కొందరు మాజీ ఉద్యోగులు అదే ఏడాది లివర్‌పూల్‌లోనే ‘లూసిడ్‌ గేమ్స్‌’ పెట్టారు. 2014లో ‘జామెట్రీ వార్స్‌ 3’ చేసింది వీళ్లే, దాన్ని మార్కెట్లోకి తెచ్చింది మళ్లీ యాక్టివిజనే! గోథమ్‌ సిరీస్‌కు, బ్లర్‌కు డిజైనర్‌గా పనిచేసిన గారెత్‌ విల్సన్‌ షెఫీల్డ్‌లోని సుమో డిజిటల్‌లో చేరి, 2012లో సోనిక్‌ రేసింగ్‌ గేమ్‌పై పనిచేశారు.

మీకు పనికొచ్చేవి

* చిన్నదైనా పూర్తిచేయండి: సగంలో వదిలేసిన పది ప్రాజెక్టుల కన్నా, ఆడి చూడగలిగే ఒక్క చిన్న గేమ్‌ ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడుతుంది.

* మీ వాటా చెప్పగలగాలి: టీం ప్రాజెక్టయితే మీరు రాసిన కోడేది, గీసిన బొమ్మలేవి, పరీక్షించిందేమిటి అనేది స్పష్టంగా రాసిపెట్టుకోండి. కంపెనీ పోయినా ఈ రికార్డు మీదే.

* హక్కులు ఎవరివో చూడండి: ఆఫర్‌ లెటర్‌ రాగానే జీతం అంకెతో ఆగిపోవద్దు. కంపెనీ సొంత గేములు చేస్తోందా, వేరేవాళ్లకు చేసిపెడుతోందా అనేది అడగండి.

* పరిచయాలు నిలుపుకోండి: లూసిడ్‌ పుట్టింది కలిసి పనిచేసిన వాళ్ల మధ్య ఉన్న నమ్మకంతోనే. ఇవాళ ప్రాజెక్టులో మీ పక్కన కూర్చున్న క్లాస్‌మేటే రేపు మిమ్మల్ని పనికి పిలవొచ్చు.