ఎదురెదురు పేజీల చదువు

హైదరాబాద్ బేగం బజార్‌లో బేరం ఒక భాషలో మొదలై మరో భాషలో తెగుతుంది. మార్వాడీ, తెలుగు, మరాఠీ, కన్నడం. ఏదీ కుదరకపోతే దక్కనీ ఉర్దూ ఉండనే ఉంది. పిల్లల్ని బడిలో వేసే రోజున మాత్రం ఇన్ని భాషల వాళ్లదీ ఒకటే ప్రశ్న: ఇంగ్లిష్ మీడియమేనా?

భాష తగవు ఇక్కడ కొత్త కాదు. దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ ఉంది. 1921 నవంబరులో అక్కడ మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఇతర భాషల ప్రసంగాలను బుద్ధిగా విన్న సభ, న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో నోరు విప్పగానే గోల చేసింది. మనసు చివుక్కుమన్న తెలుగువాళ్లు ఆ రాత్రే కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు.

అప్పట్లో సర్కారీ చదువులో పెత్తనం ఉర్దూది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను దేశభాషలో నేర్పడం నిజంగా సాహసమే. కానీ నిజాం రాజ్యంలో ఎక్కువ ఇళ్లలో వినిపించేది ఉర్దూ కాదు, తెలుగు. మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల ఉన్నత పాఠశాల పెడితే ఉస్మానియా గుర్తింపు దక్కలేదు. చివరికి అదే కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది.

ఇప్పుడు అడ్డుపడే నిజాం లేడు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. తెలంగాణ 2018లో ప్రైవేటు బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అంటూ చట్టం చేసింది. అయితే అది ఒక సబ్జెక్టుగానే. నాలుగేళ్లు తిరిగేసరికి, 2022-23 నుంచి సర్కారు బడులే ఇంగ్లిష్ మాధ్యమం బాట పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి ఉత్తర్వులనే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది.

తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. తెలుగు కోసం వేదికలెక్కే పెద్దల మనవలు ఎక్కడ చదువుతున్నారో వాళ్లకు తెలియదా?

తెలంగాణ మార్పులో మెచ్చుకోవలసింది ద్విభాషా పాఠ్యపుస్తకం: ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. కానీ పుస్తకం పని సగమే. ఒకటో తరగతి పిల్ల లెక్క అర్థంకాక తెల్లమొహం వేస్తే, టీచరు జంకు లేకుండా ఇంటి మాటల్లో చెప్పగలగాలి. పరీక్షలోనూ ఆ మాటలకు మార్కులు పడాలి.

పైగా ఇంటి మాట అందరికీ తెలుగు కాదు. బజారులోని మార్వాడీ పిల్లలకు ఇంటి భాషలో సర్కారు వాచకమే లేదు. ఇలాంటి చిక్కుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక దారి వెతికింది. సవర, కోయ, గోండి, కొలామి, లంబాడీ సహా 8 గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారు చేయించి, ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి నడిపించే పద్ధతి తెచ్చింది. ఏజెన్సీలోని కొన్ని బడుల్లో మొదలైన ఆ ప్రయత్నాన్ని నగరంలోని బహుభాషా బస్తీల కోసం ఎవరూ తిరగరాయలేదు.