సంయోజక కణజాలము – త్రాగునీరు

అనంతపురం జిల్లా మెట్టగ్రామములలో కొందరు మెడ త్రిప్పలేరు, నడుము వంచలేరు. అది ముసలితనమేనని సరిపెట్టుకొనరాదు. వానలు తక్కువైన ఈ సీమలో రాతిపొరల నుండి తోడు బోరునీటిలోని ఫ్లోరైడు కారణము కావచ్చును.

అది చేరు చోటు సంయోజక కణజాలము. ఇందు కణములు ఎడమెడముగా నుండును. వాటి నడుమ నుండు మాత్రికయే ప్రధానము. రక్తములో అది ద్రవము. చర్మము క్రింద వదులైన పోగుల వల. కండరమును ఎముకతో చేర్చు స్నాయుబంధనములందును, ఎముకను ఎముకతో బిగించు సంధిబంధనములందును గట్టి కొల్లాజెన్ త్రాళ్లు. చెవిదొప్పలో వంగెడి మృదులాస్థి. ఎముకలో సున్నపు లవణములు నిండి గట్టిపడినది.

ఫ్లోరైడు ఆ లవణములలోని హైడ్రాక్సిల్ స్థానము నాక్రమించును. ఏండ్లు గడచిన కొలది వంగవలసిన బంధనములలో కూడ సున్నము పేరుకొని, వెన్ను కొయ్యబారును. మన దేశములో ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లా రోగులయందు గుర్తించి ప్రకటించిరి.

బిగిసిన వెన్నును మరల వంచు మందు లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. నీటిని కాచినను అది పోదు. కనుక బోరునీటిని పరీక్ష చేయించిన పిదపనే బిడ్డలకు త్రాగనిండు.