గాలి మారిన గోధుమ గింజ

పైరు మన్ను తిని పెరుగునని మన సామాన్యపు టూహ. తరగతిలో అడిగినచో పలువురు విద్యార్థులు నేడును అట్లే చెప్పుదురు. కాని గోధుమ గింజలోని పిండి యొక్క బరువులో అధికభాగము గాలినుండి వచ్చినదే. పత్రరంధ్రముల ద్వారా చొచ్చిన బొగ్గుపులుసు వాయువును, వేళ్లు తెచ్చిన నీటిని ఆకు సూర్యరశ్మి సాయమున చక్కెరగా మార్చును. ఇదియే కిరణజన్య సంయోగక్రియ. ఈ క్రియకు వెలుతురే ప్రాణమని 1779లో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు నిరూపించెను.

ఈ వాయువు గాలిలో బహు స్వల్పము. 1958లో హవాయి దీవియందలి మౌనా లోవా పర్వతముపై చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలిడిన నాడు అది పదిలక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లు. 2024లో సుమారు 424 పాళ్లు. మనము బొగ్గును, చమురును కాల్చుటయే ఈ పెరుగుదలకు ముఖ్యకారణము.

తిండి హెచ్చినచో పైరు బలియవలదా? కొంతవరకు బలియును. ఆకులో ఈ వాయువును పట్టునది రుబిస్కో అను ఎంజైము. అది అప్పుడప్పుడు పొరపాటున ఆమ్లజనిని పట్టి, పడిన శ్రమను కొంత వృథా చేయును. బొగ్గుపులుసు వాయువు పెరిగినచో ఆ పొరపాటు తగ్గును. పత్రరంధ్రములు కొంత ముడుచుకొనుటచే నీరును పొదుపగును. మన జొన్న, మొక్కజొన్నల ఆకులలో ఆ వాయువును ముందుగనే కూడబెట్టు ఏర్పాటు కలదు. కావున వానికి ఈ లాభము స్వల్పము.

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున మారికోపాయందు 1990 దశకములో శాస్త్రజ్ఞులు గోధుమ చేల చుట్టును గొట్టములు అమర్చి, ఆరుబయటనే ఈ వాయువును సుమారు 550 పాళ్లకు పెంచి చూచిరి. నీరు, ఎరువు పుష్కలముగా నున్న మడులలో దిగుబడి నూటికి పది అటునిటుగా పెరిగెను. నత్రజని చాలని మడులలో ఆ లాభము తగ్గెను.

అసలు చిక్కు గింజలోపల నున్నది. పిండి గాలినుండి వచ్చును. జింకు, ఇనుము, మాంసకృత్తులకు వలసిన నత్రజని నేలనుండి రావలెను. గాలి ఇచ్చినంత ఉదారముగా నేల ఈయజాలదు. ఇట్టి చేలలో పండిన గోధుమలందు జింకు నూటికి సుమారు 9, మాంసకృత్తులు 6, ఇనుము 5 వంతులు తగ్గినవని 2014లో నేచర్ పత్రికలో ప్రకటితమైనది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇట గింజకే వర్తించుచున్నది. రొట్టెయే ముఖ్యాహారముగా గల పేదయింటి బిడ్డకు ఈ లోటు చిన్నది కాదు.

పైగా ఈ వాయువు ఒంటరిగా రాదు. వేడిమిని వెంటబెట్టుకొని వచ్చును. 2022 మార్చిలో, గింజ పాలుపోసుకొను వేళ, ఉత్తరభారతమున ఎండలు మండి గోధుమ పంటను దెబ్బతీసినవి. ఆ మే నెలలో ప్రభుత్వము గోధుమల యెగుమతిని నిషేధింపవలసివచ్చెను.

నల్లబల్లపై ఆకుబొమ్మ గీసి, బొగ్గుపులుసు వాయువునకు బాణపుగుర్తు పెట్టునపుడు ఉపాధ్యాయులు ఈ కథనుకూడ చెప్పుట మేలు. ఎన్ని బస్తాలు పండినవని అడుగుట మనకు అలవాటే. ఆ బస్తాలోని గింజయం దేమి మిగిలినదని అడుగుటయు విద్యార్థులు నేర్వవలెను.